నాణేన్ని ఉరికొయ్య కాపాడలేదు

జానపద కథల్లోనూ, ఇప్పటి ఫాంటసీ నవలల్లోనూ, పిల్లలు ఆడే వీడియో గేముల్లోనూ ఒక కథ తరచూ కనబడుతుంది. రాజధాని వీధుల్లో దొంగ నాణేలు పుట్టుకొస్తాయి. కొత్తగా కొలువులో చేరిన కుర్ర భటుడికి ఆరా తీసే పని అప్పగిస్తారు. అతను సంతలో ఒక నాణేన్ని రాతిమీద మోగించి చూసి, మోత తేడాగా ఉందని పసిగడతాడు. ఇచ్చినవాణ్ణి, వాడికి ఇచ్చినవాణ్ణి వెతుక్కుంటూ పోయి, చివరికి ఏ పాడుబడ్డ కోటలోనో రహస్యంగా మండుతున్న కొలిమిని కనిపెడతాడు. ముఠా నాయకుణ్ణి సంకెళ్ళతో తెచ్చి రాజుగారి ముందు నిలబెట్టగానే కథ సుఖాంతం. కథగా ఇది బాగానే ఉంటుంది. కానీ దొంగ డబ్బు గురించి మన ఆలోచనంతా ఈ కథ చుట్టూనే తిరగడం మంచిది కాదు. చరిత్ర వేరే సంగతి చెబుతోంది. ఒక రాజ్యంలో దొంగ డబ్బు పెరిగిందంటే, ముందుగా పరీక్షించాల్సింది ఆ రాజ్యం వేసిన అసలు డబ్బునే. ఆ తర్వాత చూడాల్సింది, నకిలీ చేతికొచ్చిన నిజాయతీపరుడితో ప్రభుత్వం ఎలా వ్యవహరిస్తోందన్నది. అసలును చూడగానే గుర్తుపట్టే వీలు, నకిలీ తగిలితే భయపడకుండా బయటపెట్టే ధైర్యం సామాన్యుడికి ఉన్నచోట దొంగ నాణెం ఎక్కువ రోజులు బతకదు. ఆ రెండూ లేనిచోట ఎన్ని ఉరికొయ్యలు నాటినా లాభం లేదు.

దీనికి అందరికంటే గట్టి సాక్ష్యం ఐజాక్ న్యూటన్ జీవితంలోనే ఉంది. గురుత్వాకర్షణ సూత్రం చెప్పిన ఆ న్యూటనే 1696లో, 53 ఏళ్ళ వయసులో, లండన్ టవర్‌లోని రాజ టంకశాలకు వార్డెన్‌గా చేరాడు. దొంగ నాణేలు చేసేవాళ్ళను పట్టుకుని కోర్టుకు ఈడ్చడం ఆ పదవి బాధ్యతల్లో ఒకటి. ఆయన వచ్చేనాటికి ఇంగ్లండ్ వెండి నాణేల పరిస్థితి ఘోరంగా ఉంది. పాత నాణేలన్నీ సుత్తితో కొట్టి చేసినవి. వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి, పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే బొమ్మ పడేది. ఏ రెండు నాణేలూ ఒక్కలా ఉండేవి కావు. అంచు గుండ్రంగా తెగేది కాదు, బొమ్మ ఓ పక్కకు ఒరిగిపోయేది. అలాంటి నాణెం అంచును కత్తెరతో సన్నగా కత్తిరించి, ఆకురాయితో నునుపు చేసి మళ్ళీ చెలామణీలో పెడితే ఎవరికీ అనుమానం రాదు. కత్తిరించిన వెండి ముక్కలను కరిగిస్తే లాభమే లాభం. ఇలా చేతులు మారుతూ మారుతూ, 1695 నాటికి జనం చేతుల్లో తిరుగుతున్న వెండి నాణేలు ఉండాల్సిన బరువులో దాదాపు సగానికి పడిపోయాయి. అసలు నాణేలే ఇంత అరిగి, వంకరపోయి ఉంటే, వాటి మధ్య నకిలీ నాణెం ఒకటి కలిసినా తేడా తెలిసేదెలా? దొంగకు అందమైన పనితనం అక్కర్లేకుండా చేసింది అసలు నాణెమే.

విచారించాల్సిన విషయమేమిటంటే, దీనికి విరుగుడు అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది. 1662 నుంచి ఇంగ్లండ్ టంకశాల యంత్రాలతో నాణేలు వేయడం మొదలుపెట్టింది. గుర్రాలు తిప్పే మిల్లులు వెండిని ఒకే మందంలో రేకులుగా సాగదీసేవి. మరలు బిగించే ప్రెస్సులు బొమ్మను స్పష్టంగా వేసేవి. అన్నిటికీ మించి అంచు మీద గీతలో, అక్షరాలో వేసే యంత్రం ఒకటి ఉండేది. పియరీ బ్లాండో అనే ఫ్రెంచివాడు తెచ్చిన ఆ పద్ధతిని రహస్యంగా కాపాడారు. పెద్ద నాణేల అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు ఉండేవి. కత్తెర తాకితే ఆ అక్షరాలు తెగిపోతాయి కనుక, చదువురాని వాడు కూడా వేలితో తడిమి మోసం కనిపెట్టగలడు. ఇంత మంచి నాణెం వేసి కూడా, పాత నాణేలను వెనక్కి తీసుకోకుండా రెంటినీ ఒకే విలువకు పక్కపక్కనే ముప్పై ఏళ్ళకు పైగా తిరగనిచ్చారు. ఫలితం ఊహించగలిగిందే. బరువు తగ్గని కొత్త నాణెం దొరికినవాడు దాన్ని దాచుకున్నాడు, లేదా వెండి ధర ఎక్కువ పలికే పరదేశాలకు పంపాడు. అరిగిన పాత నాణెమే బజారులో మిగిలింది. చెడ్డ డబ్బు మంచి డబ్బును తరిమేస్తుందనే ఆర్థిక సూత్రం అక్షరాలా జరిగింది. ఆ పరిస్థితిని సృష్టించినవాడు ఏ చీకటి గదిలోని దొంగో కాడు. పాత నాణెం వెనక్కి తీసుకుంటే వచ్చే నష్టం భరించడానికి ఇష్టపడని ఖజానా.

తన తప్పు దిద్దుకోవడానికి బదులు రాజ్యం శిక్షలు పెంచింది. నాణెం మీద రాజు బొమ్మ ఉంటుంది కనుక దొంగ నాణెం చేయడం, అంచు కత్తిరించడం రాజద్రోహం కిందికి వచ్చేవి. మగవాళ్ళకు ఉరి, ఆడవాళ్ళకు సజీవ దహనం చట్టంలో రాసి ఉన్న శిక్షలు. దాని పైన, నేరం రుజువయ్యేలా చేసినవాళ్ళకు తలకు 40 పౌండ్ల బహుమానం కూడా ప్రకటించారు. అప్పట్లో అది ఒక కూలీ ఏడాదికి పైగా కష్టపడితేగాని రాని సొమ్ము. ఇంత డబ్బు ఎదురుగా కనబడుతుంటే అమాయకుడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పేవాళ్ళు తయారవడంలో వింతేముంది? ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే న్యూటన్ ఖజానా అధికారులకు రాసిన లేఖలో ఈ సంగతే మొరపెట్టుకున్నాడు. బహుమానం పుణ్యమా అని జూరీలు సాక్షులను నమ్మడం మానేశాయనీ, డబ్బు కోసం ప్రమాణాలు చేసేవాళ్ళన్న నింద మోయలేక తన మనుషులు విసిగిపోయారనీ, ఈ పని తనకు తప్పించమనీ కోరాడు. కఠిన శిక్ష, పెద్ద బహుమానం రెండూ కలిసి నిజమైన విచారణను ఎలా దెబ్బతీస్తాయో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్షి దొరకడు. చెబుతున్నది మెతక మనిషి కాదు, ఆ శిక్షలను అమలు చేయాల్సిన అధికారి.

ఖజానా ఒప్పుకోలేదు. తప్పని పరిస్థితిలో న్యూటన్ ఆ పనిలోకి దిగాక, తన ప్రయోగాలంత శ్రద్ధగా దాన్నీ చేశాడు. లండన్ చుట్టుపక్కల జిల్లాల్లో మేజిస్ట్రేట్ అధికారం సంపాదించాడు. సత్రాల్లో, సారా కొట్లలో సమాచారం సేకరించే మనుషులను పెట్టుకున్నాడు. న్యూగేట్ జైలు ఖైదీల నుంచి వాంగ్మూలాలు రాబట్టాడు. 1698 జూన్ నుంచి 1699 చివరిదాకా సాక్షులనూ, వేగులనూ, అనుమానితులనూ వందసార్లకు పైగా స్వయంగా ప్రశ్నించాడు. 28 మందిపై నేరం రుజువు చేశాడు. వాళ్ళలో పేరుమోసినవాడు విలియం చాలొనర్. మేకులు చేసే పనిలో శిష్యరికం చేసి, లండన్ వచ్చి పూతపని నేర్చి, బంగారు గినీలకు నకళ్ళు తీసినవాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టిన మరుసటి ఏడాదే దాని నోట్లకు కూడా నకిలీలు చేశాడు. ఇంత చేసి, టంకశాలలోనే అవినీతి ఉందనీ, దాన్ని బాగుచేసే ఉపాయం తన దగ్గరుందనీ పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. కమిటీ అతని మాట చెవిన పెట్టింది కూడా. దొంగ చేతికి టంకశాల తాళాలు దాదాపు అందినంత పని అయింది. చివరికి న్యూటన్ ఒక్కొక్క సాక్షినీ కూడగట్టి కేసు నిలబెట్టాడు. 1699 మార్చిలో చాలొనర్‌ను టైబర్న్‌లో ఉరితీశారు. చనిపోయే ముందు అతను ప్రాణభిక్ష కోరుతూ న్యూటన్‌కు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. పట్టుదల ఉన్న అధికారి దొరికాక ముఠా నాయకుడు ఉరికెక్కాడు కదా, శిక్షలు పనిచేసినట్టే కదా అని. ఆ కాలంలో రెండు వేర్వేరు పనులు పక్కపక్కన జరిగాయి, ఏది దేన్ని ఆపిందో విడదీసి చూడాలి. 1696లో ఇంగ్లండ్ తన పాత వెండి నాణేలన్నిటినీ వెనక్కి తీసుకుని, కరిగించి, యంత్రాలతో మళ్ళీ వేసింది. బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్ నగరాల్లో తాత్కాలిక టంకశాలలు తెరిచారు. లండన్ టవర్‌లో న్యూటన్ మనుషుల కదలికలనూ, గుర్రాల శక్తినీ లెక్కగట్టి, ప్రెస్సు నిమిషానికి 50 దెబ్బలకు పైగా వేసేలా పనిని అమర్చాడు. దాదాపు 70 లక్షల పౌండ్ల విలువైన వెండి నాణేలు కొత్త రూపంలో బయటకొచ్చాయి. ఆ తర్వాత వెండి అంచులు కత్తిరించే వృత్తికి చోటే లేకుండా పోయింది. దశాబ్దాల తరబడి ఉరితాళ్ళు చేయలేని పనిని కొత్త అంచు రెండు మూడేళ్ళలో చేసింది. చాలొనర్‌ను ఉరితీయడం వల్ల ఒక చాలొనర్ పోయాడు. పాత నాణెం పోవడంతో కత్తెర పట్టినవాళ్ళందరి పనీ ఒక్కసారిగా పోయింది. న్యూటన్ గొప్పతనం నాకు రెండో పనిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే ఆ మంచి పనిలో కూడా ఒక అన్యాయం జరిగింది. దాన్ని దాటవేస్తే నా వాదన సగమే అవుతుంది. కత్తిరించిన నాణేలను పన్నుల కింద పూర్తి విలువకు తీసుకుంటామని, దానికి 1696 మే 4 గడువని ప్రభుత్వం ప్రకటించింది. పెద్ద మొత్తంలో పన్నులు కట్టేవాళ్ళు, ప్రభుత్వానికి అప్పులిచ్చేవాళ్ళు తమ దగ్గరున్న తేలిక నాణేలన్నీ గడువులోగా వదిలించుకున్నారు. పన్ను కట్టేంత ఆస్తి లేని కూలీ, చిన్న వ్యాపారి చేతిలో మిగిలిన నాణెం రాత్రికి రాత్రి వెండి తూకానికి దిగిపోయింది. కొత్త నాణేలు చాలినన్ని రాక ఆ వేసవిలో కూలి ఇవ్వడానికి కూడా డబ్బు దొరకలేదు. తాను కత్తిరించని అంచుకు తానే మూల్యం చెల్లించాడు పేదవాడు. నకిలీ డబ్బు చరిత్రలో ప్రతిచోటా ఇదే కథ. మోసం చేసేవాడు మొదట్లోనే లాభం తీసుకుని తప్పుకుంటాడు. తెలివైనవాడు మధ్యలో మరొకరికి అంటగడతాడు. గొలుసు చివర నిలబడ్డ అమాయకుడు మొత్తం నష్టం మోస్తాడు. ఆ చివరివాణ్ణి కాపాడని ఏ సంస్కరణా పూర్తయినట్టు కాదు.

ఉరికొయ్య మీద నమ్మకం ఇంకా పోనివాళ్ళు న్యూటన్ తర్వాత ఒక శతాబ్దానికి జరిగింది చూడాలి. ఫ్రాన్స్‌తో యుద్ధం మధ్యలో 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బదులు బంగారం ఇవ్వడం ఆపేసి, 1 పౌండు, 2 పౌండ్ల చిన్న నోట్లు వేసింది. అంతకుముందు నోటు ముఖం చూడని కూలీలు, కొట్లవాళ్ళు ఉన్నట్టుండి కాగితం మీద బతకాల్సి వచ్చింది. ఆ నోటు నల్ల సిరాతో అచ్చయిన మామూలు కాగితం. చెక్కుడు పని కాస్త తెలిసిన ఎవడైనా నకలు తీయగలడు. 1821 దాకా సాగిన ఆ కాలంలో నకిలీ నోట్ల నేరాలకు 300 మందికి పైగా ఉరితీశారు. వాళ్ళలో చాలామంది నోట్లు అచ్చువేసినవాళ్ళు కారు, కొట్లో మార్చబోయిన పేదవాళ్ళు. ఇన్ని ఉరుల తర్వాత కూడా నకిలీలు ఆగలేదు. చూసి చూసి లండన్ జూరీలే నేరం రుజువైనా దోషి అనడానికి వెనకాడే దశ వచ్చింది. కార్టూనిస్టు జార్జ్ క్రూక్‌షాంక్ 1819లో ఉరితాళ్ళ బొమ్మలతో ఒక ఉత్తుత్తి నోటు గీసి బ్యాంకును బజారుకు ఈడ్చాడు. చివరికి బంగారు నాణేలు తిరిగొచ్చి, చిన్న నోట్లు వెనక్కి వెళ్ళాకే ఆ నేరాలు పలచబడ్డాయి. 1832లో నాణేల నేరాలకు మరణశిక్షే రద్దయింది. దాంతో దేశమేమీ దొంగ నాణేలతో నిండిపోలేదు.

రాగి నాణేల కథా ఇదే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో తిరుగుతున్న రాగి చిల్లరలో ఎక్కువ భాగం నకిలీదే. ప్రభుత్వ టంకశాల చిల్లర వేయడం దాదాపు మానేసింది. జీతాలివ్వడానికి చిల్లర కావాల్సిన ఫ్యాక్టరీ యజమానులకు వేరే దారి లేక దొంగ చిల్లరనే కొన్నారు. దీన్ని మార్చినవాడు పోలీసు కాదు, బర్మింగ్‌హామ్ పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్. ఆవిరి ప్రెస్సులతో ఒక్క పరిమాణంలో, ఒక్క బరువులో, చేత్తో చేయలేనంత కచ్చితంగా నాణేలు వేశాడు. 1797లో ఇంగ్లండ్‌కు అతను వేసిన పెన్నీ సరిగ్గా ఒక ఔన్సు తూగేది, చిల్లర కొట్టువాడు దాన్నే తూకపు రాయిగా వాడుకోవచ్చు. తెలుగువాళ్ళకు తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. బౌల్టన్ నడిపిన సోహో టంకశాలే ఈస్టిండియా కంపెనీ కోసం మన ఉత్తర సర్కారులకు కూడా రాగి నాణేలు కొట్టి ఓడలకెక్కించింది. 1794 నాటి ఆ నాణెం మీద 48 కలిస్తే ఒక రూపాయి అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. కంపెనీ ఉద్దేశం మన మేలు కాకపోవచ్చు. కానీ నకలు తీయడం కష్టమైన నాణెమే నకిలీకి మందు అన్న ఎరుక ఆ నాటికే ఉందనడానికి అది గుర్తు. అదే ఎరుకతో బ్రిటన్ ఈ మధ్య, 2017లో, తన గుండ్రటి పౌండు నాణేన్ని పూర్తిగా మార్చేసింది. ప్రతి 30 నాణేల్లో దాదాపు ఒకటి నకిలీదని తేలాక, రెండు లోహాలతో పన్నెండు మూలల కొత్త నాణెం తెచ్చి, పాతదానికి అక్టోబరు దాకా గడువిచ్చింది. గడువు దాటాక కూడా జనం తమ బ్యాంకుల్లో పాత నాణేలు జమ చేసుకోవడానికి వీలుంచింది. 1696లో మరిచిపోయిన చివరి మనిషిని ఈసారి గుర్తుంచుకున్నారు.

మన దేశ చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ మహమ్మద్ బిన్ తుగ్లక్. 1330 ప్రాంతంలో ఆయన వెండి టంకాకు బదులు అదే విలువతో ఇత్తడి, రాగి నాణేలు వేయించాడు. లోహపు విలువ లేకపోయినా రాజముద్ర చాలన్న ఆలోచన పిచ్చిదేమీ కాదు, ఈనాడు ప్రపంచమంతా అలాగే నడుస్తోంది. చైనాలో అప్పటికే కాగితపు డబ్బు ఉంది. లోపం ఎక్కడంటే, ఏ కంచరి అయినా ఇంటి దగ్గర చేసుకోగలిగేటంత మామూలుగా ఆ నాణెం ఉంది. ఇళ్ళన్నీ టంకశాలలయ్యాయని ఆనాటి చరిత్రకారుడు బరనీ వాపోయాడు. కొద్ది ఏళ్ళకే సుల్తాను ఆ నాణేలను రద్దు చేసి, తెచ్చినవాళ్ళకు ఖజానా నుంచి బదులు చెల్లించాల్సి వచ్చింది. జనం పోసిన ఇత్తడి నాణేలు తుగ్లకాబాద్‌లో గుట్టలు పడ్డాయంటారు. తుగ్లక్ పేరును తిక్క నిర్ణయాలకు మారుపేరుగా వాడుకుంటాం కానీ, ఆయన అనుభవం నేర్పే పాఠం సూటిగా ఉంది. డబ్బు మీద ముద్ర వేసే అధికారం చాలదు, ఆ ముద్రను మరొకరు వేయలేని నైపుణ్యం కూడా కావాలి.

ఇప్పుడు మన జేబుల్లోకి వద్దాం. తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి 10 రూపాయల నాణెం అనాథలా తిరిగింది. కిరాణా కొట్టులో ఇస్తే చెల్లదన్నారు, ఆటోలో ఇస్తే నోటు లేదా అన్నారు. రూపాయి గుర్తు ఉన్నదే అసలనీ, పది గీతలున్నదే మంచిదనీ, పదిహేను గీతలుంటే దొంగదనీ వదంతులు ఫోను నుంచి ఫోనుకు పాకాయి. నిజానికి రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో విడుదల చేసిన ప్రకటన ప్రకారం అప్పటికి చెలామణీలో ఉన్న 14 రకాల 10 రూపాయల నాణేలూ చెల్లుతాయి. వాటిలో దేన్నీ నిరాకరించకూడదు. ఇందులో జనం అమాయకత్వాన్ని తప్పుపట్టడం తేలిక. కానీ పదేళ్ళు తిరక్కుండానే ఒకే విలువకు 14 ముఖాలు తొడిగి, అవన్నీ ఎలా ఉంటాయో ప్రతి కొట్టుకూ, ప్రతి బస్సు కండక్టరుకూ చేరేలా చెప్పకపోతే, అనుమానం పుట్టక ఏమవుతుంది? స్మారక నాణేలు వేయడం దేశానికి ముచ్చటే. ఆ ముచ్చటను విడిగా దాచుకునే నాణేలకు పరిమితం చేసి, రోజూ తిరిగే నాణేనికి ఒకే ముఖం ఉంచితే సామాన్యుడి పని సులువవుతుంది. మన నాణేల మీద చూసి తెలుసుకోవాల్సిన వివరాలు లేకపోలేదు. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం గుర్తుంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టిన నాణెం. వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. చెర్లపల్లిలో పుట్టిన నాణేన్ని హైదరాబాద్ బజారులోనే దొంగదని తోసిపుచ్చే దుస్థితి ఎందుకొచ్చిందో ప్రభుత్వం ఆలోచించాలి. నకిలీ చేయకపోయినా, నకిలీ అన్న వదంతి కూడా డబ్బును అంతగానే చంపుతుంది.

నోట్ల విషయానికొస్తే సమస్య ఇంకా బాధాకరం. ఇప్పటి నిబంధన ప్రకారం బ్యాంకు కౌంటరులో ఇచ్చిన నోటు నకిలీదని తేలితే బ్యాంకు దాన్ని స్వాధీనం చేసుకుని, దాని మీద నకిలీ ముద్ర వేసి, తెచ్చినవాళ్ళకు రసీదు ఇవ్వాలి. ఒక్కసారికి నాలుగు నోట్ల దాకా ఉంటే నెలవారీ నివేదికలో పోలీసులకు తెలియజేస్తారు, అయిదు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. తెచ్చినవాళ్ళకు మాత్రం ఒక్క పైసా తిరిగి రాదు. చట్టం నిజాయతీపరుణ్ణి పూర్తిగా గాలికొదిలేయలేదు. భారతీయ న్యాయ సంహిత 180వ సెక్షను వివరణలో, నకిలీ డబ్బు సక్రమమైన మార్గంలోనే తన దగ్గరకు వచ్చిందని రుజువు చేసుకున్న మనిషిది నేరం కాదని స్పష్టంగా ఉంది. అయితే రుజువు చేసుకునే భారం ఎవరి మీద పడుతోందో చూడండి. సంతలో కూరగాయలమ్మే మనిషి సాయంత్రం గల్లాపెట్టెలో 500 నోటు తేడాగా ఉందని గమనిస్తే, ఆమెకున్న దారులు రెండే. బ్యాంకుకు తీసుకెళితే ఆ రోజు కూలి మొత్తం పోతుంది, పైగా ప్రశ్నలు. నోరు మూసుకుని మరొకరికి ఇచ్చేస్తే తన నష్టం తీరుతుంది. కానీ తెలిసి చలామణీ చేయడం నేరమే. వ్యవస్థ ఒక నిజాయతీ మనిషిని నేరానికి ఇలా నెడుతోంది. నకిలీ నోటు బతికేది ముద్రించినవాడి చాకచక్యం ఒక్కదాని మీదే అనుకుంటే పొరపాటు. దాన్ని పట్టుకున్న ప్రతి చేతికీ ముందుకు తోసేయక తప్పని అవసరం మీద కూడా అది బతుకుతుంది.

కాబట్టి చిన్న మొత్తాలకు పరిహారం ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, అలా చేస్తే దొంగలే బ్యాంకుల ముందు వరుస కడతారని. తుగ్లక్ ఖజానా ఖాళీ అయింది అలాగే కదా అంటారు. ఈ అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. తుగ్లక్ చేసిన తప్పు పరిహారం ఇవ్వడంలో లేదు, హద్దు లేకుండా ఇవ్వడంలో ఉంది. ఒక మనిషికి ఏడాదిలో ఒకటి రెండు నోట్లకు మించకుండా, ఆధార్‌తో ముడిపడ్డ సొంత ఖాతాలోనే, నోటు ఎక్కడ చేతికొచ్చిందో రాసిచ్చిన వాంగ్మూలం మీదే పరిహారం ఇస్తే, కట్టలు కట్టలుగా నకిలీలు చేసేవాడికి అది గిట్టుబాటు కాదు. రెండు నోట్ల కోసం తన వివరాలన్నీ బ్యాంకుకిచ్చి నిలబడే ముఠా ఏదీ ఉండదు. కూరగాయలమ్మేవాళ్ళు, హమాలీలు, ఇస్త్రీ చేసుకునేవాళ్ళు మాత్రం వస్తారు. వాళ్ళు రావడమే పోలీసులకు లాభం. ఏ సంతలో, ఏ వారంలో, ఏ సీరీస్ నోట్లు బయటపడుతున్నాయో చెప్పే సమాచారం ఒకచోట చేరుతుంది. న్యూటన్ సత్రాలు తిరిగి, వేగులకు డబ్బిచ్చి సంపాదించిన సమాచారం ఇక్కడ నమ్మకం వల్ల దానంతటదే వస్తుంది. 40 పౌండ్ల బహుమానం అబద్ధపు సాక్షులను పుట్టించింది. 500 రూపాయల పరిహారం నిజమైన సాక్షులను పుట్టిస్తుంది.

రెండో అభ్యంతరం దేశ భద్రత గురించి. నకిలీ నోట్ల వెనుక సరిహద్దు అవతలి శక్తులుంటాయి, మీరు మెతకగా మాట్లాడుతున్నారని కొందరంటారు. ముద్రించేవాళ్ళపట్ల, కట్టలు రవాణా చేసేవాళ్ళపట్ల కఠినంగా ఉండాలన్నదాంట్లో నాకు ఏ సందేహమూ లేదు. అందుకు చట్టాల కొరత కూడా లేదు. నకిలీ డబ్బు తయారీకి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఉన్నత నాణ్యత గల నకిలీ కరెన్సీని ఉగ్రవాద చర్యల జాబితాలో చేర్చేలా ఉపా చట్టాన్ని పుష్కర కాలం కిందటే సవరించారు, ఆ జాబితాలో నాణెం కూడా ఉంది. కఠినత్వం ఎవరిమీద అన్నదే నా ప్రశ్న. మూలాన్ని వదిలి చివరి చేతిని వేధించే కఠినత్వం దేశాన్ని కాపాడదు. నకిలీ నోటు చేతికొచ్చిన మనిషి పోలీసంటే భయపడి నోరు మెదపకపోతే, సరిహద్దు నుంచి సంతదాకా ఉన్న దారిలో చివరి అడుగుజాడ చెరిగిపోయినట్టే. దర్యాప్తు అధికారికి కావాల్సింది ఆ అడుగుజాడే. దేశ భద్రత మీద నిజమైన పట్టింపు ఉన్నవాళ్ళు సామాన్యుడికి ముందు అభయం ఇవ్వాలి.

ఇక మూడో మాట, ఫోనులో డబ్బు పంపుకునే రోజుల్లో నాణేల గొడవ ఎందుకని. నగదు మీద బతికేవాళ్ళు మన మధ్య ఇంకా కోట్లలో ఉన్నారు. వాళ్ళలో ముసలివాళ్ళు, వలస కూలీలు, స్మార్ట్ ఫోను లేని ఆడవాళ్ళు ఎక్కువ. నగదు తగ్గినకొద్దీ దాని సమస్యల మోత బలహీనుల మీదే ఎక్కువగా పడుతుంది. పైగా ఫోను చెల్లింపుల్లోనూ దొంగ నాణెం రూపు మార్చుకుని ఉంది. డబ్బు పంపినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోయేవాళ్ళ వల్ల చిన్న కొట్లవాళ్ళు నష్టపోయారు. దానికి మందుగా వచ్చిందేమిటి? గల్లా పక్కన పెట్టే చిన్న సౌండ్ బాక్స్. డబ్బు ఖాతాలో పడగానే ఎంత వచ్చిందో తెలుగులో పైకి చెబుతుంది. ఒక్క అరెస్టూ అక్కర్లేకుండా, చదువురాని కొట్టు యజమానికి కూడా అసలు, నకిలీ తేడా చెవికి వినిపించేలా చేసింది. 1662లో నాణెం అంచు వేలికి చేసిన సాయమే ఇది చెవికి చేస్తోంది. సాధనం మారింది, సూత్రం మారలేదు.

కనుక చేయాల్సిన పనులు కొండంతలేమీ కావు. రోజువారీ చెలామణీకి ఒక్కో విలువకు ఒకే నాణెం రూపం ఉంచాలి. రూపం మార్చితే పాతదాన్ని ప్రకటించిన గడువుతో, ఎవరికీ నష్టం లేకుండా వెనక్కి తీసుకోవాలి. చెల్లే నాణేల, నోట్ల బొమ్మలూ, గుర్తులూ పెద్ద అక్షరాల తెలుగులో ప్రతి బ్యాంకు శాఖలో, రేషన్ దుకాణంలో, బస్టాండులో, రైతుబజారులో అతికించాలి. వదంతి పుట్టిన వారంలోనే జిల్లా అధికారులు దాన్ని ఖండించాలి. నకిలీ నోటును తనంతట తాను తెచ్చి ఇచ్చిన నిజాయతీపరుడికి ఏడాదికి ఇంత అని హద్దు పెట్టి పరిహారం చెల్లించాలి. ఇందుకయ్యే ఖర్చు నకిలీల వల్ల జరిగే చెరుపుతో పోల్చి చూడదగ్గదే తప్ప దండగ కాదు. డబ్బు అనేది ప్రభుత్వం జనానికిచ్చిన మాట. ఆ మాట మీద నకిలీ మరక పడినప్పుడు, తుడిచే ఖర్చు మాట ఇచ్చినవాళ్ళే పెట్టుకోవాలి. నమ్మి చేయి చాచినందుకు కూరగాయలమ్మే మనిషి పెట్టుకోవడం న్యాయం కాదు.